శాంపిల్ సారు ఇంటి నల్లా

మా ఫిల్టర్‌బెడ్డు ఆఫీసులో మేము తాగే నీళ్లు బయటినుంచి క్యాన్లలో వచ్చేవి. ఈ మాటతో మొదలుపెట్టినందుకు నాతో పనిచేసినవాళ్లు కోప్పడతారని తెలుసు. కానీ కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నన్ను ఏదైనా అనుభవం చెప్పమన్నారు. అనుభవమంటే మనం గెలిచినవే చెప్పాలని రూలేమీ లేదు కదా. ఇది నేను ఓడిపోయిన సంగతి. అది కూడా నా ఇంట్లో, నా నల్లా దగ్గర, నా చేతిలోనే.

గోదావరి నీళ్లను పంపులతో పైకి తెచ్చి, పటిక వేసి తేర్చి, ఇసుక పొరల్లో వడగట్టి, క్లోరిన్ కలిపి గని కార్మికుల కాలనీలకు వదలడం ఫిల్టర్‌బెడ్డు పని. నేను అక్కడి ల్యాబులో అసిస్టెంటును. కొత్తగూడెంలో కొంతకాలం, శ్రీరాంపూర్‌లో కొంతకాలం చేసి, చివరి సర్వీసంతా గోదావరిఖనిలో గడిపాను. థర్మోకోల్ డబ్బాలో సీసాలు పెట్టుకుని స్కూటరు మీద కాలనీలు తిరగడం, నల్లాల దగ్గర శాంపిళ్లు పట్టడం, ల్యాబులో చూసి రిజిస్టరులో రాయడం. రాసేది ఎప్పుడూ ఒకటే మాట: తాగడానికి యోగ్యం. అన్నిసార్లు చేత్తో రాయలేక బజారులో రబ్బరు స్టాంపు చేయించుకున్నాను. స్టాంపులు చేసేవాడు "యోగ్యం కాదు అని ఇంకోటి చేయాల్నా సార్?" అని అడిగాడు. ఎందుకు, అది ఎప్పుడూ అవసరం పడలేదు అన్నాను. గర్వంగానే అన్నాను.

మా ఆఫీసులో క్యాను ముట్టని మనిషి ఒక్కడే ఉండేవాడు. వాల్వు ఆపరేటరు. ఏ లైనుకు ఎప్పుడు నీళ్లు వదలాలో, ఎప్పుడు కట్టాలో ఆయన చేతిలో పని. వాల్వులు తిప్పే పొడుగాటి ఇనుప చావి భుజాన పెట్టుకుని సైకిలు మీద తిరుగుతుంటే కాలనీ మొత్తం ఆయన్ని వాల్వన్న అని పిలిచేది. నాకంటే రెండేళ్లు పెద్ద. మేము క్యాను వంచుకుని తాగుతుంటే మొహం పక్కకు తిప్పుకునేవాడు. మన నీళ్లను మనమే తాగకపోతే మందికి ఏ మొహంతో ఇస్తం అనేవాడు. నా రిజిస్టరును ఈ భూమ్మీద పూర్తిగా నమ్మిన మనిషి ఆయనొక్కడే. నేను కూడా అంత నమ్మలేదు.

ఇక మోటార్ల సంగతి చెప్పాలి. నల్లా పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట వచ్చేది. ధార సన్నగా వస్తోందని ఒకాయన పైపుకు చిన్న మోటారు బిగించాడు. దాంతో పక్కింట్లో నల్లా ఎండిపోయింది. పక్కింటాయన ఇంకొంచెం పెద్దది బిగించాడు. అలా వరస మొత్తం. మోటార్లు పెట్టారు కాబట్టి నీళ్లు రావడం లేదు, నీళ్లు రావడం లేదు కాబట్టి మోటార్లు పెట్టారు. మోటారు పెట్టడం నేరమని ఆఫీసు బోర్డు మీద నోటీసు ఉండేది. దాన్ని టైపు చేసిన క్లర్కు ఇంట్లోనూ మోటారు ఉండేది.

దీంట్లో నీళ్లు తక్కువ రావడం ఒక్కటే కాదు ఇబ్బంది. పైపులు చాలాచోట్ల మోరీల, అంటే మురికి కాలువల, కిందుగా పోతాయి. ఎక్కడైనా జాయింటు వదులైతే, నీళ్లు మామూలుగా పారేటప్పుడు బయటికి కారతాయి. అందరూ ఒకేసారి మోటార్లతో గుంజితే మాత్రం ఆ సందులోంచి మోరీ నీళ్లు లోపలికి వస్తాయి. ఇది ఇంజినీరుకు తెలుసు, నాకు తెలుసు. మా ఆవిడకు నేనే వివరంగా చెప్పాను. చెప్పిన నెలకే మా ఇంట్లోనూ మోటారు బిగించుకున్నాం. చుట్టుపక్కల అందరివీ సగం హార్సు పవరువి. మాది పూర్తి ఒకటి. సైన్సు తెలిసినవాణ్ణి కదా, ఎంత పవరైతే ఎంత గుంజుతుందో లెక్క వేసి మరీ కొన్నాను.

మా వరసలో మోటారు లేనిది వాల్వన్న ఇల్లొక్కటే. నీళ్లు ఇచ్చేటోణ్ణి, నేను గుంజుకుంటే ఎట్ల అనేవాడు. మా ఇల్లు దాటి నాలుగు ఇళ్లు పోతే, వరస చివర, ఆయన క్వార్టరు. అందరి మోటార్లూ ఆగాక లైనులో మిగిలినవి ఆయన నల్లాకు చేరేవి. అవే తాగేవాళ్లు.

ఆ ఏడు వానలు మొదలయ్యాక మా కాలనీలో పచ్చకామెర్లు కనిపించాయి. ముందు ఒక ఇల్లు, తర్వాత దాని ఎదురిల్లు, తర్వాత రెండు వరసలు. జనం కొందరు కంపెనీ దవాఖానకు పోయారు, కొందరు ఆకుమందు పోసే ఆయన దగ్గరికి పోయారు, ఎక్కువమంది రెండు చోట్లకీ పోయారు. సరిగ్గా అప్పుడే వాల్వన్న బిడ్డ పురుడు కోసం రామకృష్ణాపూర్ నుంచి పుట్టింటికి వచ్చింది. తొలిచూలు, ఏడో నెల. గర్భంతో ఉన్న పిల్లకు నీళ్లతో వచ్చే ఈ కామెర్లు సోకితే తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి రావచ్చని దవాఖాన డాక్టరమ్మ కాలనీలో ఇంటింటికీ చెప్పించింది.

వాల్వన్న ఆ మధ్యాహ్నమే ల్యాబుకు వచ్చాడు. ఎప్పుడూ కుర్చీలో కూర్చోని మనిషి ఆ రోజు కూర్చున్నాడు.

"సార్, బిడ్డకు ఏడో నెల. మన లైన్ల నీళ్లు మంచియే కదా?"

నేను రిజిస్టరు తిప్పి చూపించాను. మా కాలనీ పేజీ. పై నుంచి కిందిదాకా స్టాంపులే, వరసగా, తిన్నగా. పోనీ అన్నా, పిల్ల కోసం క్యాను తెప్పించుకోండి అని ఒక మాట అన్నాను, అన్నానని అనిపించుకోవడానికి. ఆయన లేచి నవ్వాడు. మీరు గిట్ల రాసినంక క్యాను ఎందుకు సార్ అని చావి భుజాన వేసుకుని పోయాడు.

రెండు రోజుల తర్వాత కాలనీ ఆడవాళ్లు సీసాల్లో పసుపుపచ్చని నీళ్లు పట్టుకుని ఆఫీసు ముందు కూర్చున్నారు. మూడు యూనియన్ల నాయకులూ వచ్చి వేరువేరుగా మాట్లాడారు. ఇంజినీరు నన్ను పిలిచి వెంటనే శాంపిళ్లు తెమ్మన్నాడు. వాళ్లు తెచ్చిన సీసాలు పనికిరావా అంటే, మనవాళ్లు పట్టినదే శాంపిలు, వాళ్లు పట్టింది నీళ్లు అన్నాడు.

అక్కడినుంచి మొదలైంది నా బాధ. నేను ఏ ఇంటికి పోయినా నీళ్లు అద్దంలా వచ్చేవి. ల్యాబులో చూస్తే క్లోరిన్ సరిగ్గా ఉండేది. జనం మాత్రం నేను వెళ్లిపోగానే వాసన వస్తోందని మొత్తుకునేవారు. కారణం కనిపెట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. నేను వచ్చే వేళకు అన్ని ఇళ్లలోనూ మోటార్లు విప్పి దాచేసేవారు. మోటార్లు లేకపోతే గుంజుడు లేదు, గుంజుడు లేకపోతే మోరీ నీళ్లు లోపలికి రావు. నీళ్లు బాగాలేవని రుజువు చేయమంటున్నది వాళ్లే, రుజువు దొరక్కుండా చేస్తున్నదీ వాళ్లే. శాంపిళ్లు బాగున్నాయని నేను చెబితే ఆఫీసుకు అమ్ముడుపోయిండు అని తిట్టేదీ వాళ్లే.

మోటార్లు బియ్యం డబ్బాల్లో ఉండేవి. మంచాల కింద ఉండేవి. ఒక ఇంట్లో ఉయ్యాలలో దుప్పటి కప్పుకుని పడుకుంది ఒకటి. నేను చూస్తుండగానే ఆ ఇంటామె దాన్ని రెండుసార్లు ఊపింది. ఇంకో ఇంట్లో దేవుడి గూట్లో పసుపు కుంకుమ బొట్లతో, బంతిపూల దండతో ఒక ఆకారం కనిపిస్తే, ఏ అమ్మవారో అనుకుని చేతులు జోడించాను. కింద నుంచి వైరు వేలాడుతోంది. అవ్వా, ఇదేంటి అంటే, దసరకు బొట్లు పెట్టినం, ఇంక తియ్యలేదు బిడ్డా అంది ఆ ముసలమ్మ. దసరా ఇంకా రెండు నెలలుంది.

చెప్పకుండా పోదామనుకున్నాను. టైములు మార్చాను, గల్లీలు మార్చాను, స్కూటరు దూరంగా పెట్టి నడిచాను. ఎప్పుడు పోయినా నాకంటే ముందు కబురు పోయేది. ఒకరోజు మా బావమరిది దగ్గర గని డ్యూటీ డ్రెస్సు, టోపీ, బూట్లు అడుక్కుని వేసుకుని, సీసాను టిఫిను సంచిలో పెట్టుకుని, మొదటి షిఫ్టు దిగి ఇంటికి పోయే కార్మికుడిలా తల వంచుకుని నడిచాను. మూడో ఇల్లు దాటకముందే ఒకామె గడపలో నిలబడి, సార్, గా బూట్లు మీకు పెద్దగైనట్టున్నయి, లోపలికి వచ్చి శాంపిలు పట్టుకోండ్రి అని పిలిచింది. మర్యాదకు టీ కూడా ఇచ్చింది.

కబురు ఎవరు చేరవేస్తున్నారా అని ముందు ఆఫీసు అటెండరును అనుమానించాను. దేవుడు నన్ను క్షమించాలి, వాల్వన్నను కూడా అనుమానించాను. అసలు సంగతి ఒక ఆదివారం బయటపడింది. మా ఆవిడ ఫోను ఛార్జింగుకు పెట్టి స్నానానికి పోయింది. అది టింగుమంటే ఆఫీసువాళ్లేమోనని చూశాను. కాలనీ ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపు. దాంట్లో మూడు వారాల మెసేజులు. "శాంపిల్ సారు బయలెల్లిండు." "శాంపిల్ సారు ఇయ్యాల నడుసుకుంట వస్తుండు." "శాంపిల్ సారు గని డ్రెస్సుల ఉన్నడు, నవ్వకుండ్రి." అన్నీ పంపింది మా ఆవిడే. గ్రూపుకు పెద్ద కూడా ఆమేనట.

ఆమె తల తుడుచుకుంటూ వచ్చి, ఏం తప్పు చేశానన్నట్టు చూసింది.

"నేను చెప్పకపోతే వాళ్ల మోటార్లు మీరు పడతరు. మీరు పడితే, నీ ఇంట్ల మోటారు సంగతేంది అని వాళ్లు అడుగుతరు. అప్పుడు మీ ఇజ్జతేం గావాలె?"

వాదన ఎక్కడ తప్పో ఆలోచిస్తూ కూర్చుంటే ఒక సంగతి తట్టింది. మా కాలనీలో నన్ను చూసి మోటారు దాచని ఇల్లు ఒక్కటే ఉంది. అది నాది. ఇన్నేళ్ల సర్వీసులో నేను శాంపిలు పట్టని నల్లా కూడా అదే.

మర్నాడు పొద్దున నల్లా టైముకు సీసాతో పెరట్లోకి పోయాను. మోటారు రొద చేస్తోంది. నన్ను సీసాతో చూడగానే మా ఆవిడ అలవాటుగా స్విచ్చు మీదికి చెయ్యి పోనిచ్చింది. ఆర్పొద్దు, నడవనీ అన్నాను. మొదటి ధార రాగానే ముక్కుకు తెలిసిపోయింది. మోరీ వాసన. ఆమె మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. మొదట్ల కొద్దిసేపు గట్లనే వస్తది, నేను మందార చెట్లకు ఇడుస్త అంది. ఎన్నాళ్లనుంచి అంటే వానలు పడ్డప్పటినుంచి అంది. నాకెందుకు చెప్పలేదు అంటే, ఇంట్ల డ్యూటీ మాటలు వద్దంటరు కదా మీరు అంది. నిజమే, అన్నాను చాలాసార్లు. ఇంట్లోనూ మేము తాగేవి క్యాను నీళ్లే కాబట్టి మాకు ఏమీ కాలేదు. మందార చెట్లు మాత్రం విపరీతంగా పూశాయి.

క్లోరిన్ ఉంటే నీళ్లు పసుపు రంగుకు తిరిగే మందు రెండు చుక్కలు వేశాను. తిరగలేదు. ఇంకొన్ని నీళ్లు పరీక్ష సీసాలో పోసి మూత పెట్టి ఫ్రిజ్జు మీద ఉంచాను. ఆ సీసాలో ఒక మందు ఉంటుంది. నీళ్లలో మలం కలిసి ఉంటే ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. వాల్వన్న ఇంటికి మా ఆవిడను పంపి, ఆ పిల్లకు నల్లా నీళ్లు ఇవ్వొద్దని చెప్పించాను. నేను పోలేదు. రిజల్టు వచ్చాక పోదాంలే అనుకున్నాను. ఉద్యోగంలో నేర్చుకున్న పిరికితనాల్లో అది అతి పెద్దది, పిల్లలూ. రిజల్టు రావాలి అనేది.

మర్నాటికి సీసా నల్లగా ఉంది. బొగ్గు ఊళ్లో బతికినవాళ్లం, నలుపు మాకు కొత్త కాదు. కానీ ఆ సీసాను కిటికీ దగ్గరికి తీసుకుపోయి రెండుసార్లు చూశాను. అప్పటికే వాల్వన్న బిడ్డను దవాఖానలో చేర్చారని మా ఆవిడ చెప్పింది. నాలుగు రోజులుగా వాంతులట, వేవిళ్లు మళ్లీ వచ్చాయనుకున్నారట. ఆ పొద్దున కళ్లు పచ్చబడ్డాయి.

దవాఖాన ఆడవాళ్ల వార్డు బయట బెంచీ మీద వాల్వన్న కూర్చుని ఉన్నాడు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చావి గోడకు ఆనించి ఉంది. నేను సంచిలోంచి సీసా తీసి చూపించి, ఇది మా ఇంటి నల్లాది, మా మోటారు నడుస్తుంటే పట్టినది అని చెప్పాను. మొత్తం చెప్పాను. పైపుకు ఎక్కడో సందు పడిందని, మా ఒకటి హార్సు పవరు గుంజుడుకు మోరీ లైనులోకి వస్తోందని, మిగిలింది పారి చివరికి వాళ్లింటికి పోతోందని.

ఆయన సీసాను చూశాడు. నన్ను చూడలేదు.

"నేను నీళ్లను సూడలే సార్. మీరు రాసింది సూసి తాపిన."

కొట్టినా బాగుండేది. నేను ఆ బెంచీకి ఇంకో చివర అరగంట కూర్చుని, ఏం చేయాలో తెలియక లేచి ఆఫీసుకు పోయాను.

ఇంజినీరు చెడ్డవాడు కాదు. సీసాను చూసి ఆయన మొహం కూడా పాలిపోయింది. కానీ కాసేపటికి రూలు గుర్తొచ్చింది. నా క్వార్టరు శాంపిలు తీసే పాయింట్ల లిస్టులో లేదు కాబట్టి ఇది శాంపిలు కిందికి రాదన్నాడు. లిస్టులో ఉన్న ఇళ్లకు పోయి మళ్లీ తెమ్మన్నాడు. అక్కడ మంచి నీళ్లే వస్తాయి సార్ అన్నాను. మంచి నీళ్లు వస్తే మంచిదే కదా అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అసలు చిక్కు చెప్పాడు. మోటారు నడుస్తుండగా తీశానని రాయకపోతే ఈ రిపోర్టుకు అర్థం లేదు. రాస్తే, మోటారు పెట్టినందుకు నా మీద చర్య తీసుకోక ఆయనకు తప్పదు. ఆలోచించుకో అని టీ తెప్పించాడు.

ఆలోచించడానికి ఏముంది. అక్కడ ఆ పిల్ల సెలైన్ల మధ్య పడుకుని ఉంది, ఆ లైను తవ్వకపోతే ఇంకో ఇంట్లో ఇంకొకరు పడుకుంటారు. రిజిస్టరు తెచ్చి ఆయన టేబుల్ మీదే తెరిచాను. స్టాంపు లేదు కదా, చేత్తోనే రాశాను. తాగడానికి యోగ్యం కాదు. పాయింటు: నా క్వార్టరు. మోటారు నడుస్తుండగా తీసినది. మోటారు నాదే. సంతకం. అలవాటు లేక 'కాదు' అన్న మాట పెద్దగా పడింది, పక్క గడిలోకి కూడా పోయింది.

నా క్వార్టరును వెనకటి తేదీతో లిస్టులో చేర్చి, సాయంత్రానికే లైను తవ్వించారు. మా వరస మొదట్లో, మోరీ కల్వర్టు కింద దొరికింది సందు. పాతకాలంలో ఎప్పుడో జాయింటు పగిలితే, తాత్కాలికంగా ఉంటుందని మా డిపార్టుమెంటువాళ్లే సైకిలు ట్యూబు చుట్టి బట్ట కట్టారు. ఆ కట్టిన ఫిట్టరు రిటైరై ఆ పక్క గల్లీలోనే ఉంటున్నాడు. గుంట చుట్టూ మంది చేరితే ఆయన కూడా కర్ర పట్టుకుని వచ్చి తొంగి చూశాడు. నేను కట్టింది గిన్నేండ్లు ఆగిందా అని మురిసిపోయాడు. ఇప్పటోళ్ల పని గిట్ల ఆగది అని మాకు బుద్ధి కూడా చెప్పాడు. మోరీ నీళ్లు ట్యూబు సందులోంచి పైపులోకి బుడబుడమని పోవడం అందరం కళ్లారా చూశాం. చాలామంది మెల్లగా ఇళ్లకు పోయారు, బహుశా మోటార్లను చూసుకోవడానికి.

నా మీద ఎంక్వయిరీ జరిగింది. అక్రమంగా మోటారు పెట్టిన ఉద్యోగిని నేను. ఆ సంగతి కనిపెట్టిన సాక్షిని నేను. సాక్ష్యంగా జత చేసిన రిపోర్టు నాది. ఎంక్వయిరీ ఆఫీసరు రూలు ప్రకారం, సాక్షిని ప్రశ్నించదలచుకున్నారా అని నన్నే అడిగాడు. ఈ సాక్షిని ఏళ్ల తరబడి ఎవరూ ప్రశ్నించలేదు సార్, అదే తప్పయింది అన్నాను. దాన్ని "ప్రశ్నలు లేవు" అని రాసుకున్నాడు. మందలిస్తూ ఒక లెటరు ఇచ్చారు. కాలనీ మొత్తంలో మోటారు కారణంగా శిక్ష పడింది నా ఒక్కడికే. మిగతా ఇళ్లను తనిఖీ చేయడానికి వచ్చిన బృందానికి ఒక్క మోటారూ దొరకలేదు. మా ఆవిడ అప్పటికే గ్రూపు నుంచి బయటికి వచ్చేసింది, అయినా ఆ వ్యవస్థ ఎవరూ లేకున్నా నడిచేంత గట్టిగా తయారైంది. కొత్త పైపు వేశాక ధార కాస్త పెరిగి, కొందరు తమంత తామే మోటార్లు తీసేశారు. కొందరు తీయలేదు.

వాల్వన్న బిడ్డ రెండు వారాలకు పైగా దవాఖానలో ఉంది. మధ్యలో మూడు రోజులు డాక్టరమ్మ ఏమీ చెప్పలేనంది. ఆ మూడు రోజులూ నేను ఎలా డ్యూటీ చేశానో నాకు గుర్తు లేదు. మా ఆవిడ రోజూ జావ కాచి తీసుకుపోయేది. చివరికి ఆ పిల్ల తేరుకుంది, కడుపులో బిడ్డా నిలిచింది. ఇంటికి తెచ్చిన మర్నాడు, కొత్త పైపు నీళ్ల రిపోర్టు తీసుకుని వాళ్లింటికి పోయాను. అన్నీ బాగున్నాయి, నిజంగానే బాగున్నాయి.

వాల్వన్న ఆ కాగితం అందుకోలేదు. లోపలికి పోయి స్టీలు గ్లాసు తెచ్చి, నల్లా కింద నింపి, నా ముందు పట్టాడు.

"తాగుండ్రి."

తాగాను. ఆయన దగ్గరికి వచ్చి, బొటనవేలితో నా కంటి కింది రెప్ప కిందికి లాగి, ఎండకు తిప్పి చూశాడు. పచ్చదనం ఉందేమోనని. అన్నా, ఈ రోగం నీళ్లు తాగిన వెంటనే బయటపడదు, రెండు వారాలు పట్టొచ్చు, నెల పైనే పట్టొచ్చు అని శాస్త్రం చెప్పాను.

"గట్లయితే నెల పైననే తాగుండ్రి."

అలా మొదలైంది. రోజూ పొద్దున నల్లా టైముకు వాళ్ల గడప ముందు నిలబడేవాణ్ణి. గ్లాసు, తాగుండ్రి అన్న ఒక్క మాట, కంటి రెప్ప. డాక్టరమ్మ చెప్పిన ప్రకారం ఆ పిల్లకు కాచిన నీళ్లే ఇచ్చేవారు. కానీ ఆ కాచడానికి కూడా, నేను గ్లాసెడు తాగాకే బిందె నింపేవాడు. ఆ మాట తప్ప ఆయన నాతో ఇంకేమీ మాట్లాడేవాడు కాదు. ఆఫీసులో ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు. లైన్ల సంగతి ఏదైనా చెప్పాల్సి వస్తే అటెండరుకు చెప్పి పంపేవాడు.

వరసలో ఇది చూసినవాళ్లు ఊరుకుంటారా. పక్కింటామె, మా నల్లాది గూడ జెర చూడుండ్రి సార్ అంది. ఆమె తర్వాత ఇంకో ఇద్దరు. ఎనిమిది కొట్టేసరికి నా కడుపు కుండలా ఉండేది. ఒక యూనియన్ నాయకుడు, దీన్ని సారు డ్యూటీ చార్టులో చేర్చాలని డిమాండు పెట్టాడు. ఇంజినీరు నన్ను పిలిచి, ఆ గ్లాసు శాంపిలు పాయింటు కిందికి వస్తుందా రాదా అని సీరియస్‌గా అడిగాడు. నెల గడిచింది, నా కళ్లు పచ్చబడలేదు. ఆపమని ఆయన అనలేదు. ఆపుతానని నేనూ అనలేదు. నిజం చెప్పాలంటే, ఆ రోజుల్లో ఆ గ్లాసు తాగితేగానీ నాకు మనశ్శాంతిగా ఉండేది కాదు.

నెల తక్కువగా ఆడపిల్ల పుట్టింది. తూకం తక్కువుందని కొన్నాళ్లు దవాఖానలోనే ఉంచారు. తర్వాత బాగా పుంజుకుంది, పొద్దున నేను గ్లాసు ఎత్తేసరికి ఏడుపు అందుకునేది. మూడో నెల వెళ్లాక తల్లీబిడ్డలను అత్తగారింటికి పంపే రోజు వచ్చింది.

ఆ పొద్దున నేను మామూలుగానే పోయాను. గేటు ముందు ఆటో నిలబడి ఉంది. వాల్వన్న గ్లాసు నింపుతున్నాడు. ఆ పిల్ల బిడ్డను వాళ్లమ్మ చేతికిచ్చి, దారికని ఒక సీసా తీసుకుని వచ్చి, తండ్రిని కొంచెం పక్కకు జరగమని, నల్లా కింద సీసా పెట్టింది. నిండాక మూత పెట్టబోయి ఆగి, అక్కడే నిలబడి రెండు గుక్కలు తాగింది. నేనింకా తాగలేదు. నా చెయ్యి గ్లాసు కోసం చాచి ఉంది.

"కాకా, ఇగ చాలు. మీకు డ్యూటీకి లేటయితది" అంది.

మూత బిగించి, బిడ్డను ఎత్తుకుని ఆటో ఎక్కింది. ఆటో మలుపు తిరిగేదాకా ఎవరమూ కదల్లేదు. వాల్వన్న చేతిలో గ్లాసు అలాగే ఉంది. దాన్ని ఒకసారి చూసి, తనే గటగటా తాగేసి, అరుగు మీద బోర్లించాడు. గోడకు ఆనించిన చావి తీసి భుజాన వేసుకున్నాడు.

"పాండ్రి సార్, పై లైను ఇడవాలె" అన్నాడు.

ఐదు నెలల్లో ఆయన నాతో నేరుగా ఆడిన మొదటి డ్యూటీ మాట అది. నాకు కళ్లు కనపడలేదు. ఆయన సైకిలు వెనకాల నా స్కూటరు తోసుకుంటూ ఫిల్టర్‌బెడ్డు దాకా నడిచాను. స్టార్టు చేయొచ్చన్న సంగతే గుర్తు రాలేదు.